మంచిది చూసి పంపించమన్నారు

"ఏది పంపించినావు అవ్వా?"

"మంచిదే పంపించినా. ఎన్నిసార్లు అడుగుతావు ఆ మాట?"

"మంచిదంటే ఏది? అర మీద ఏం రాసుండాది?"

"పాత అని రాసుండాది. రాసింది నేనే గదా, నాకు తెలీదా?"

"పాతదా! పాతది పంపించినావా?"

"పాతది గాక కొత్తది పంపుతారా ఎవురన్నా? మంచిది చూసి పంపించమన్నాడు మీ సారు. చూసినా, పంపించినా. దానికి నా మీద గొంతు లేపతావేందిమే?"

దీపాలు పెట్టే వేళ. నా మనవరాలు ఆత్మకూరు నుంచి బస్సు దిగి వచ్చింది వచ్చినట్టే, భుజాన సంచి తియ్యకుండా, కాళ్ళు కడుక్కోకుండా కొయ్యపెట్టె ముందు గొంతుక్కూర్చుంది. పెట్టెలో రెండు అరలు. పాత అని కాగితం అంటించిన అర ఖాళీ. కొత్త అని అంటించిన అరలో నల్లని ఫ్లాపీలు వరసగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉన్నాయి. ఆ కొత్త అరకేసి అట్లాగే చూస్తూ కూర్చుంది.

నేను చాట చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తప్పేదో జరిగిందని అర్థమైంది గానీ, అది నా తప్పని ఇంకా తెలియలేదు.

అది నా కూతురి బిడ్డ. తల్లి పోయేనాటికి దానికి నాలుగేళ్ళు. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని జలదంకి పక్కకు పోయాడు. ఉదయగిరిలో నా దగ్గరే పెరిగింది. ముద్దుగా పెంచానని చెప్పను. తీసిన వస్తువు తీసినచోట పెట్టకపోతే వీపు మీద ఒకటి పడేది. పలక పగిలితే ఆ పెంకు మీదే రాయించాను, కొత్త పలక కొనలేదు. నేను చదివింది మిషను బడిలో మూడో తరగతి దాకా. ఆ తర్వాత మా నాయన మేకల వెంట పంపాడు. మేకల వెనక తిరుగుతూ కూడా దారిలో దొరికిన కాగితం ముక్కనల్లా చదివేదాన్ని. తెలుగు అక్షరం ఎక్కడున్నా చదవగలను. ఆ ఒక్క సంగతికి నాకు చాలా గర్వం ఉండేది.

మనవరాలు నెల్లూరులో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివింది. తొంభైల చివర్లో, మద్రాసులో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసి వచ్చిన ఒక ఇంజనీరు ఆత్మకూరు బస్టాండు వెనక మేడ మీద రెండు గదులు తీసుకుని మూడు కంప్యూటర్లు పెట్టాడు. ఫ్యాక్టరీలలో నూనె, నీళ్ళు, ఆవిరి పారే గొట్టాలు ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ చేరాలో బొమ్మలు గీయడం అక్కడి పని. బొమ్మలు మద్రాసు పోతాయి. వాటిని చూసి అక్కడ గొట్టాలు కోసి అతుకుతారు. ఆ ఆఫీసులో ముగ్గురు పనిచేసేవాళ్ళు. ఇద్దరు మగపిల్లలు, మూడోది ఇది. ఏడాది తిరక్కుండానే సారు ఆఫీసు తాళంచెవి దీని చేతికిచ్చాడు. పొద్దున ముందు వచ్చి తలుపు తీసేది, సాయంత్రం అందరి తర్వాత వేసేది ఇదే.

ఒకసారి కళ్ళు చూపించుకోవడానికి ఆత్మకూరు వెళ్ళినప్పుడు ఆ ఆఫీసుకు పోయాను. చెప్పులు బయట విడిచి స్టూలు మీద కూర్చున్నాను. అప్పుడు నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీ ఒకటి గీస్తున్నారు. టీవీ లాంటి అద్దంలో సన్నని గీతలు, రంగురంగులవి. నాకేమీ తెలియలేదు.

"ఇదంతా ఒక ఇల్లనుకో అవ్వా," అంది మనవరాలు. "ప్రాజెక్టు అంటే ఇల్లు. లోపల అరలుండాయి చూడు. ట్యాంకులన్నీ ఒక అరలో. పైన పోయే గొట్టాలు ఒక అరలో. బయట పెట్టే పంపులు ఇంకో అరలో. ఎనిమిదక్షరాలకు మించి పేరు పెట్టనియ్యదు ఈ మిషను. అందుకని నేనే పేర్లు పెట్టినా. ఇది గాదె. ఇది ఉట్టి. ఇది దొడ్డి."

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి గనుక నేను చదవలేను. అయినా నా ఇంట్లో పేర్లు ఆ అద్దంలో ఉన్నాయంటే నవ్వొచ్చింది.

"ఇందులో ఒక బొమ్మను చేత్తో తీసి ఇంకో అరలో పెట్టేసినామనుకో, దీనికి కనపడదు. పోయింది, పోయిందని అరుస్తుంది," అంది.

"నేనూ అంతే గదే," అన్నాను.

పక్క కుర్చీలో పిల్లోడు కిసుక్కుమన్నాడు. సారు కూడా నవ్వాడు. "మొదట్లో మద్రాసోళ్ళు చూస్తే పరువు పోతుందని తిట్టినా అవ్వా. ఇప్పుడు నేను కూడా ఉట్టిలో పెట్టినావా, గాదెలో పెట్టినావా అనే అడగతా ఉండా. బాగా పెంచినావు దీన్ని. వస్తువు ఎక్కడ పెట్టాలో దీనికి తెలిసినట్టు ఈ మగపిల్లోళ్ళకు తెలీదు."

ఆ మాటకు కొంగు సర్దుకున్నాను.

ఇంకో అర చూపించింది అది. "ఇది పాత. ఏదన్నా బొమ్మ మారిస్తే, ముందుదాన్ని పారెయ్యం. ఇందులో పెడతాం."

"పారెయ్యకుండా ఎందుకు దాచేది?"

"ఎప్పుడన్నా అవసరం వస్తాదని."

"అట్టయితే విలువైందే," అన్నాను.

అది అద్దంకేసి తిరిగింది. పనిలో ఉంది. నేను మాత్రం, పాతదాన్ని దాచుకునే బుద్ధి దీనికి నా దగ్గర నుంచే వచ్చిందనుకున్నాను.

తర్వాత ఒక బొమ్మను పెద్దది చేసి, కింద కుడిపక్క మూలలో ఉన్న చిన్న గడి చూపించింది. రెండు ఇంగ్లీషు అక్షరాలు. "ఇవి నావి అవ్వా. గీసింది నేనని. దీని పక్క గడి చూడు, సరిచూసినోళ్ళ గడి. ఈ ఫ్యాక్టరీ మంచిగా ముగిస్తే, తర్వాత వచ్చే ప్రాజెక్టు నీదే, ఆ గడిలో కూడా నీ అక్షరాలే అన్నాడు సారు." ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. అంతకుముందు అది ఏదైనా కావాలని అడగ్గా నేను చూడలేదు. అడిగితే నేను ఇయ్యనని దానికి తెలుసు.

వానాకాలంలో ఆ మేడ కారేది. అందుకని ఫ్లాపీల మీద ఎక్కించిన బొమ్మల్ని మనవరాలి ఇంట్లో పెట్టమన్నాడు సారు. రెండు సెట్లు. ఫ్యాక్టరీవాళ్ళు మధ్యలో ఒక పెద్ద మార్పు చెప్పారట. దానికి ముందుది ఒక సెట్టు, తర్వాతది ఒక సెట్టు. మా వీధిలో కొయ్య చెంచాలు చేసే సాయిబుగారు మిగిలిన చెక్కలతో రెండు అరల పెట్టె చేసిచ్చాడు. మూత సరిగ్గా పట్టేదాకా మూడుసార్లు చిత్రిక పట్టించాను.

మనవరాలు లేబుళ్ళ పొట్లం తెచ్చుకుంది. ఒక్కొక్క ఫ్లాపీ మీద ఒక్కొక్కటి అంటించి, ఏ మార్పుదో, ఎప్పటిదో రాస్తానంది. నేనే అంటించనియ్యలేదు.

"ఇన్ని కాగితాలు ఎందుకు తగలెయ్యడం? అరకొకటి చాలదా?"

"ఫ్లాపీ బయటికొస్తే తెలీదవ్వా, రెండూ ఒకే మాదిరి ఉంటాయి."

"బయటికెందుకొస్తుంది? తీసింది తీసినచోట పెడితే సరి."

ఆ మాట మీద అది గెలవలేదు. నాలుగేళ్ళప్పటి నుంచి వింటున్న మాట. క్యాలెండరు వెనక కాగితం రెండు ముక్కలు చింపి, పాత అని ఒకదాని మీద, కొత్త అని ఒకదాని మీద నేనే రాశాను. అన్నం మెతుకులతో అంటించాను. లేబుళ్ళ పొట్లం విప్పకుండా ట్రంకు పెట్టెలో పెట్టాను. ఇప్పటికీ అందులోనే ఉంది.

ఆ తర్వాత అది, పని చేస్తూనే కట్టిన పై పరీక్షలకు నెల్లూరు వెళ్ళింది, పది రోజులకు. వెళ్ళిన రెండో రోజో మూడో రోజో మా వీధిలో ఫోనున్న అంగడాయన వచ్చి, ఆత్మకూరు నుంచి ఫోనొచ్చింది రమ్మన్నాడు. సారు గొంతు కంగారుగా ఉంది. కరెంటు ఎక్కువ తక్కువలై పెద్ద కంప్యూటరు లోపల కాలిపోయిందట. బొమ్మలన్నీ పోయాయట. సాయంత్రం లోపల మద్రాసుకు పంపాలట.

"మీ ఇంట్లో రెండు సెట్లుండాయి గదా అవ్వా. మంచిది చూసి బస్సులో పంపించు."

"మంచిదా?"

"మంచిదే. ఆ పాప పెట్టుంటుంది చూడు."

"నాకు తెలుసులే నాయనా," అన్నాను.

నాకు తెలుసు. మా మెట్టలో వరి పండదు. బియ్యం ఆత్మకూరు పక్క నుంచి తెచ్చుకుంటాం. ఇంట్లో ఎప్పుడూ రెండు కుండలు. ఒకటి పాత బియ్యం, ఒకటి కొత్త బియ్యం. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, పిల్లలకు కడుపునొప్పి తెస్తుంది. చుట్టమొస్తే పాత బియ్యం. జ్వరం తగ్గినవాళ్ళకు పాత బియ్యం. గంజికి, మందుకు, బాలింతకు, దేనికైనా పాతదే. పసిబిడ్డ కిందికి కూడా పాత చీరే పరుస్తాం గానీ కొత్తగుడ్డ పరుస్తామా? మంచిది తియ్యిమే అంటే నా మనవరాలు చిన్నప్పటి నుంచి ఏ కుండ మూత తీసిందో నాకు తెలుసు. పైగా ఆఫీసులో పాతదాన్ని ప్రత్యేకంగా అరకట్టి దాచడం నా కళ్ళతో చూశాను.

పాత అని చదివాను. ఒకసారి కాదు, కూడబలుక్కుని రెండుసార్లు. ఆ అరలో ఫ్లాపీలన్నీ తీసి, ఉతికిన తువ్వాలులో చుట్టి, దారం కట్టి, కండక్టరు చేతికిచ్చి, "ఎండ తగలనియ్యబాక, సీటు కింద పెట్టు," అని రెండుసార్లు చెప్పాను. మధ్యాహ్నం మళ్ళీ ఫోనొచ్చింది.

"అందింది అవ్వా. ఎక్కించినాం. బ్రహ్మాండంగా తెరుచుకునింది. నువ్వు లేకుంటే ఈ రోజు మా గతి ఏమయ్యేదో."

మూడు రోజులు ఆ మాట వీధిలో అందరికీ చెప్పుకున్నాను. ఎవరూ చెయ్యని పని చేశానన్నట్టు చెప్పుకున్నాను.

మనవరాలు ఆదివారం నెల్లూరు నుంచి వచ్చింది. దానికీ చెప్పాను. "అట్టనా అవ్వా! మంచి పని చేసినావు," అని నా చెయ్యి పట్టుకుంది. ఏ సెట్టని అడగలేదు. ఎందుకడుగుతుంది? మంచిది అంటే కొత్తదని దాని మనసులో. మంచిది అంటే పాతదని నా మనసులో. ఇద్దరం ఒకే పీట మీద కూర్చుని రెండు వేర్వేరు సంగతులకు సంతోషపడ్డాం.

సోమవారం అది ఆఫీసుకు పోయింది. ఆ రోజే మద్రాసు నుంచి ఫోనొచ్చిందట.

ఆ సాయంత్రం, కొయ్యపెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాక, అది మెల్లగా చెప్పింది. "ట్యాంకు మూతి మొదట తూర్పుకు ఉండింది అవ్వా. ఫ్యాక్టరీవాళ్ళు పడమటికి తిప్పమన్నారు. తిప్పినా. దానికి తగినట్టు గొట్టాలన్నీ మళ్ళీ గీసినా. అవే ఈ కొత్త అరలో ఉండాయి. నువ్వు పంపింది తిప్పకముందువి. వాటిని చూసి ఆడ మద్రాసులో గొట్టాలు కోసేసినారు. తీసుకుపోయి పెడితే ట్యాంకు అటు చూస్తా ఉండాది, గొట్టం ఇటు చూస్తా ఉండాది."

"మరి మీ సారు చూసుకోలేదా?"

"ఆ సాయంత్రమే పంపాల. చూసేదానికి తీరికేది? ఫ్లాపీ మీద రాసన్నా ఉంటే తెలిసేది."

దాని మాటలో లేబుళ్ళ ఊసు లేదు. రాసన్నా ఉంటే అంది, అంతే. నేను చాట కింద పెట్టాను.

"రేపు నేను కూడా వస్తా," అన్నాను. "పంపింది నేనని చెప్తా."

"వద్దు. అరలు నేనే తారుమారు చేసి పెట్టినానని చెప్తా. గీసే పనిలో అట్టాంటి పొరపాటు ఎవురికైనా వస్తాది. తిడతాడు, ఊరుకుంటాడు."

"చెయ్యని తప్పు నెత్తినేసుకుంటావా? ముసలిది పొరపాటు పడిందంటే ఎవురైనా ఊరుకుంటారు. నిన్నేమీ అనరు."

"నన్నే అంటారు! చదువు రానోళ్ళ చేతిలో పెట్టినానంటాడు. అది పొరపాటు కాదవ్వా, ఆఫీసును లెక్కచెయ్యకపోవడం. నీకు తెలీదు, నువ్వు నోరు తెరవబాక."

"ఎవురే చదువు రానోళ్ళు?" అన్నాను. "పాత అని రాసింది ఎవురు? చదివింది ఎవురు? నీకు పలక మీద అ ఆలు దిద్దించింది ఎవురు? చదివే గదా పంపించినా!"

అది తలెత్తి చూసింది. "నువ్వు చదివింది సరిగానే చదివినావులే అవ్వా," అంది. దాని కళ్ళలో నీళ్ళు లేవు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ పూట పాత బియ్యమే వండాను. అది తినలేదు. కంచం కడిగి బోర్లించి, నేను కూడా తినకుండా అన్నంలో నీళ్ళు పోసి పెట్టాను.

పొద్దున మొదటి బస్సుకే ఇద్దరం ఆత్మకూరు వెళ్ళాం. అది వద్దంటూనే ఉంది. నేను ఎక్కి కూర్చున్నాను. కొత్త అరలో ఫ్లాపీలు దాని ఒడిలో ఉన్నాయి. మెట్లెక్కి అదే తాళం తీసింది. గదులు ఊడ్చి, కిటికీలు తెరిచింది. సారు వచ్చాడు.

"రా అవ్వా, కూర్చో," అన్నాడు. మొహం నిద్రలేని మొహం.

మనవరాలు నిలబడే చెప్పింది. "తప్పు నాదే సార్. పరీక్షలకు పోయేముందు అరలు నేనే తారుమారు చేసి పెట్టినాను. అవ్వ మీరు చెప్పినట్టే చేసింది. కొత్తవి ఇవి సార్."

సారు ఫ్లాపీలు తీసుకోలేదు. నా వైపు తిరిగాడు. "అర మీద పేరుందని మునుపే చెప్పింది గదా ఈ పాప. నువ్వు చూసే పంపించినావు గదా అవ్వా?"

అంత సూటిగా అడుగుతాడనుకోలేదు. తప్పు దాని మీదకు పోకూడదు, అదొక్కటే నాకు కనిపించింది.

"నాకు చదువు రాదు నాయనా," అన్నాను. "చేతికి అందింది పంపించినా. తప్పు నాది. ఆ బిడ్డది కాదు."

బతుకంతటిలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. మనవరాలు నా వైపు చూసి, తల దించుకుంది.

తర్వాత సారు అడిగింది నన్ను కాదు. "చదువు రాని మనిషి చేతిలో పెట్టిపోయినావా అమ్మా, ప్రాజెక్టంతా?" గొంతు పెంచలేదు.

సారు చెయ్యి చాపాడు. అది సంచి తాడుకు కట్టుకున్న తాళంచెవి ముడి విప్పింది. ముడి గట్టిగా పడి ఉంది, పళ్ళతో లాగింది. తాళంచెవి ఇచ్చింది. ఆయన సొరుగులో వేశాడు. ఫ్లాపీలు బల్ల మీద పెట్టి ఇద్దరం మెట్లు దిగాం. మళ్ళీ ఆ మెట్లు అది ఎక్కలేదు.

బస్టాండులో ఉదయగిరి బస్సు సిద్ధంగా ఉంది. అది కిటికీ పక్కన కూర్చుంది, నేను దాని పక్కన కూర్చున్నాను. పది గంటలకు ఉదయగిరిలో దిగాం.